బడికి భాగస్వామి ఎవరు? సీడు పత్తి చేలు చెప్పే పాఠం

బడీ వ్యాపారమూ చేతులు కలిపితే పల్లెలు బాగుపడతాయన్న మాట ఇవాళ ప్రభుత్వం నోటా కంపెనీల నోటా ఒకే తీరుగ వినబడుతోంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను, పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంది. ఆ ఖర్చుల జాబితాలో విద్య కూడా ఉంది. మంచిదే. అయితే మాలగేరి, మాదిగగేరి పిల్లలు చదివే బడికీ కంపెనీకీ మధ్య ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు కర్నూలు సీమ సీడు పత్తి చేలల్లోనే ఉంది.

సంకర పత్తి విత్తనం చేతిపనితో తయారవుతుంది. సాయంత్రం ఒక్కొక్క మొగ్గనూ గిల్లి మగభాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు పుప్పొడి అద్దాలి. ఊళ్లల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. నెలల తరబడి సాగే ఈ పనిలో కూలి ఖర్చే పెద్దది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఈ పనికి ఎక్కువగా పిలిచింది ఆడపిల్లలను. అందులోనూ దళిత, వెనుకబడిన కులాల ఇండ్ల పిల్లలను. చిన్న వేళ్లకు ఒడుపు ఎక్కువ అని కారణం చెప్పారు. అసలు కారణం కూలి. పిల్లలైతే పెద్దోళ్లకంటే తక్కువకు వస్తారు, ఎక్కువ పొద్దు చేస్తారు, ఎదురు చెప్పరు. తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు ముందే పడి ఉంటుంది. బడి తెరిచిన కొన్ని వారాలకే క్రాసింగ్ మొదలవుతుంది. పిల్ల పేరు రిజిస్టరులో ఉంటుంది, పిల్ల చేలో ఉంటుంది.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక ఈ సంగతిని బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా బయటపెట్టింది. రైతు పెట్టుకున్న కూలీలతో కంపెనీకేం సంబంధం అన్న వాదన వచ్చింది. నిజమే, మధ్యలో ఆర్గనైజరు ఉన్నాడు. కానీ మూల విత్తనం ఇచ్చేది, నాణ్యత తేల్చేది, ధర కట్టేది కంపెనీయే గదా! 2005 నాటి మరో నివేదిక సూటిగా అడిగింది: ఆ ధరతో రైతు పెద్దోళ్లకు కూలి కట్టగలడా?

ఈ ఒత్తిడి మీదనే బేయర్, మోన్‌శాంటో కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు ధర మీద 5 శాతం అదనంగా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, చేలల్లో తనిఖీలు మొదలుపెట్టాయి. బేయర్ నాంది ఫౌండేషన్‌తో కలిసి చేను వదిలిన పిల్లలకు అభ్యాస కేంద్రాలు కూడా నడిపింది. తరువాతి నివేదికలు చేలల్లో పిల్లలు తగ్గారని చెప్పాయి. దాన్ని మేము కాదనడం లేదు. ఏ పని వల్ల తగ్గారన్నదే మా ప్రశ్న. పుస్తకాల సంచి పంచినంత మాత్రాన అడ్వాన్సు తీరదు. గట్టు మీద తనిఖీ, రైతుకు పెరిగిన ధర, ఒప్పందం పోతుందన్న భయం పనిచేశాయని మా అభిప్రాయం. అంటే బడికి మేలు జరిగింది విత్తన ఒప్పందంలోంచే.

ఇప్పటికీ సందు ఉంది. 2016 సవరణ 14 ఏండ్ల లోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడి వేళల తరువాత కుటుంబ పనికి తలుపు తెరిచి ఉంచింది. దళిత కుటుంబం కౌలుకు తీసుకున్న సీడు చేను కూడా కుటుంబ సేద్యమే అనిపించుకుంటుంది. అక్కడ తక్కువ ధర భారం నేరుగా ఇంటి పిల్ల మీదే పడుతుంది.

కాబట్టి బడికి సాయం చేస్తామని వచ్చే కంపెనీ హెడ్మాస్టరుతోనో ఊరి పెద్దలతోనో మాట్లాడి పోతే చాలదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటుండాలి. ఆ కమిటీ ముందు కంపెనీ తన కొనుగోలు ధర, అందులో లెక్క కట్టిన కూలి, ఆ ఊళ్లో ఏయే చేలతో ఒప్పందం ఉందో పెట్టాలి. బెంచీలు, బ్యాగుల సంగతి ఆ తరువాత.

మా ఇండ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. మా అమ్మానాయనలు మా కూలి వదులుకొని మమ్మల్ని బడికి పంపారు. ఆ వదులుకున్న కూలి ఏ కంపెనీ లెక్కలోనూ ఎక్కలేదు. పెద్దోళ్లకు గిట్టుబాటు కూలి దొరికిన ఊళ్లో పిల్లను బడికి పంపమని ఎవరూ తల్లికి చెప్పనక్కర్లేదు.