చెరలో నోరు విప్పిన సైనికుడు: రెండు తెలుగు యుద్ధ కథలపై ఒక పరిశీలన

2025 మే నెలలో మన శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కల్లితండాకు చెందిన ఒక యువ అగ్నివీర్ సరిహద్దు కాల్పులలో మరణించాడు. ఆ తరువాతి ఆదివారము నేను యోహాను 15:13 మీద ప్రసంగించాను. ఈ ప్రాంతములో ఎందరు సేవకులు అదే వచనమును తీసికొన్నారో పాఠకులు ఊహించగలరు. ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ పెద్దలలో ఒకాయన, సైన్యములో పని చేసి పింఛను మీద ఇంటికి వచ్చినవాడు, చెప్పులు వేసుకొంటూ నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, ప్రాణం పెట్టినోడి గురించి బాగా చెప్పినారు. పెట్టలేక తిరిగొచ్చినోడికి ఏం చెప్తారు?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన "సీతారామం" సినిమాను టీవీలో చూశాడట. "ఆ విష్ణు సారు సంగతే అడుగుతా ఉండా" అన్నాడు.

ఈ వ్యాసము ఆ ప్రశ్నలోనుండి పుట్టినది. తెలుగులో సైనికుని లోపలినుండి చెప్పిన యుద్ధ కథలు తక్కువ. మన పల్లెలకు యుద్ధము తంతి రూపములోనో, జెండా కప్పిన శవపేటిక రూపములోనో వచ్చినదే గాని, కందకముగా, ఖైదీల శిబిరముగా రాలేదు. అందువలన మన కల్పన మరణించినవాని యొద్దకు తేలికగా వెళ్ళగలదు. చెరలో ఏమి జరిగినదో చెప్పవలసి వచ్చినప్పుడు తడబడును. ఈ తడబాటును రెండు చలనచిత్ర కథలలో పరిశీలించుట నా ఉద్దేశము. సినిమాను ఈ పత్రికలో చర్చించుట కొందరికి రుచించకపోవచ్చును. కాని మన యువకులు యుద్ధనీతిని నేర్చుకొనుచున్నది బైబిలు పాఠశాలలో కాదన్న సంగతి మనమందరము ఎరుగుదుము.

మొదటిది క్రిష్ దర్శకత్వములో 2015లో వచ్చిన "కంచె". ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందినది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో బ్రిటిషు సైన్యములో చేరిన ధూపాటి హరిబాబు కథ ఇది. ఊరిలో కులము పేరిట కంచె వేయించిన ఈశ్వర్, హరిబాబు ప్రేమించిన సీతకు అన్న. సీత చనిపోయినది. ఈ ఇద్దరు శత్రువులును ఒకే సైన్యములో, ఇటలీ రంగములో ఉంటారు. ఈశ్వర్ జర్మనుల చేతికి చిక్కుతాడు. హరిబాబు అతనిని విడిపించుటకు, ఒక పసిపాపతో సహా నాజీల బారిన పడిన వారిని కాపాడుటకు తన ప్రాణమును పోగొట్టుకొంటాడు. తిరిగి వచ్చిన ఈశ్వర్ ఊరి కంచెను తీయిస్తాడు.

ఊరి కంచెను, జాతి పేరిట మనుష్యులను వేరుచేసిన యుద్ధపు కంచెను ఒకదాని ప్రక్కన ఒకటి నిలిపిన ఈ ఆలోచనలో నిజమైన బలమున్నది. మన సంఘములలో ఆ కంచె తెలియనివారెవరు? సమాధుల తోటలో సహితము దానిని చూచినవాడను నేను. కంచె వేసినవాడే శత్రువు కంచెలో బందీ అగుట ఎంత గొప్ప సందర్భము! కాని దానిని కథ వాడుకొనలేదు. చెరలో ఈశ్వర్ ఏమి తలంచాడు, మొదటిసారిగా వెలివేయబడినవాని స్థానములో నిలిచినప్పుడు అతనిలో ఏమి విరిగినది అన్నది మనకు తెలియదు. విడిపింపబడుటకు ఎదురు చూచుటయే అతని పని. మార్పు అంతయు హరిబాబు మరణము మీద మోపబడినది. నేను కూడ ఒక శుభ శుక్రవారమున ఈ కథను దృష్టాంతముగా చెప్పాను, జనులు కన్నీరు కార్చారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ దృష్టాంతము ఒక విషయమును దాచినది: చావవలసివచ్చినవాడు మరల కంచెకు అవతలి కులమువాడే.

రెండవది హను రాఘవపూడి దర్శకత్వములో 2022లో వచ్చిన "సీతారామం". నేను దీనిని ఎక్కువ విలువైనదిగా భావించుచున్నాను, ప్రేమకథగా కాదు. లెఫ్టినెంట్ రామ్ అనాథ. 1965 ప్రాంతములో సరిహద్దు దాటిన ఒక పనిలో అతడును, పై అధికారి విష్ణు శర్మయు పాకిస్తాను సైన్యమునకు చిక్కుతారు. చిక్కుటకు కారణము రామ్ ఒక చిన్న పిల్లను కాపాడబోవుట. చెరలో వారి యొద్ద కోరినది ఒక్కటే, మన స్థావరముల ఆచూకీ. రామ్ చెప్పడు. భార్యాబిడ్డలను చూడవలెనన్న ఆశకు లోబడి విష్ణు చెప్పివేస్తాడు. విష్ణు ఇంటికి వస్తాడు, రామ్ రాడు. ద్రోహి అన్న నింద రామ్ పేరు మీద పడి ఇరువది సంవత్సరములు నిలుస్తుంది. ఆ లోపల విష్ణు బ్రిగేడియర్ అవుతాడు.

తెలుగు కల్పనలో ఇట్టి మనిషి అరుదు. అతడు దుర్మార్గుడు కాడు, పిరికివాడని కూడ అనలేము. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందము 17వ అధికరణము ప్రకారము చెరపట్టబడిన సైనికుడు తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య చెప్పిన చాలును. మరేదైన చెప్పించుటకు హింసించుట నిషిద్ధము. మనుష్యుడు విరుగుతాడని ఆ చట్టము వ్రాసినవారికి తెలిసియుండబట్టియే ఆ నిషేధము. కాని ఈ కథ విష్ణు గుండెలోనికి చాల ఆలస్యముగా ప్రవేశిస్తుంది. ఇరువది సంవత్సరములు అతడు భోజనపు బల్ల యొద్ద ఎట్లు కూర్చున్నాడు, భార్య ముఖము ఎట్లు చూచాడు, రామ్ పేరు వినబడినప్పుడు ఏమి చేశాడు అనునవి ఒక నవలకు చాలిన ప్రశ్నలు. ఇవి కొద్ది నిమిషములలో, రామ్ నిర్దోషి అని తేల్చుటకు మాత్రమే వినియోగింపబడినవి. ఒప్పుకోలు తరువాత విష్ణుకు బ్రదుకు చూపబడలేదు. కథ యొక్క కన్నీరంతయు ఒక ఉత్తరము చుట్టును తిరుగుతుంది.

టాల్‌స్టాయ్ ఇక్కడ ఎక్కువ ధైర్యము చూపాడు. "యుద్ధము–శాంతి" నవలలో ఫ్రెంచివారి చెరలో నున్న పియేర్, తనకు ఆదరణనిచ్చిన కరతాయెవ్ జబ్బుపడి చెట్టు క్రింద కూలబడి తనవైపు చూచినప్పుడు, చూడనట్లు ముందుకు నడిచిపోతాడు. వెనుక తుపాకి శబ్దము వినబడుతుంది. రచయిత పియేర్‌ను శిక్షింపడు, సమర్థింపడు. అతనిని బ్రదుకనిస్తాడు.

చెరలోని నైతిక సంఘర్షణ మన చరిత్రలో లేనిది కాదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినప్పుడు దాదాపు 40 వేలమంది భారతీయ సైనికులు జపానువారికి చిక్కారు. రాజుకు చేసిన ప్రమాణము నిలుపుకొనవలెనా, ఆజాద్ హింద్ ఫౌజులో చేరవలెనా? కొందరు చేరారు, కొందరు చేరక బాధలు పడ్డారు. 1945లో ఎర్రకోట విచారణ మొదలైనప్పుడు ఒక చట్టము ద్రోహులన్న వారినే దేశము వీరులన్నది. ద్రోహి అన్న మాట ఎవరు పలుకుచున్నారన్న దానినిబట్టి తిరుగుతుంది. "కంచె" అదే యుద్ధమును తీసికొని ఈ ప్రశ్నను ముట్టక పోవుట నాకు విచారము కలిగించినది.

ఇప్పుడు మా పెద్ద అడిగిన ప్రశ్న. హింసలో విరిగినవారి సంగతి ఆదిసంఘమునకు మనకంటె బాగుగా తెలియును. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి కాలమున అనేకులు బలి అర్పించారు, లేదా అర్పించినట్లు పత్రములు కొనుక్కొన్నారు. నొవేషియన్ వారికి తిరిగి ద్వారము లేదన్నాడు. కార్తేజు బిషప్పు సిప్రియన్ పశ్చాత్తాపమునకు కాలమిచ్చి, మరణశయ్య మీద నున్నవారికి సమాధానము నిరాకరింపలేదు. (సిప్రియన్ తానే ఆ దినములలో దాగియుండి సంఘమును నడిపించినవాడు. ఆ సంగతి ఆయన ఓర్పును కొంత వివరించునేమో.) 303లో డయొక్లీషియన్ హింస మొదలైన తరువాత లేఖనములను అధికారులకు అప్పగించినవారిని లాటినులో "ట్రాడిటోర్" అన్నారు. ఇంగ్లీషులో ద్రోహిని సూచించు మాట దానినుండియే వచ్చినది. 325లో నీకయ సభ తన 11వ నియమములో, ప్రాణాపాయము గాని ఆస్తి నష్టము గాని లేకయే పడిపోయినవారికి సహితము మూడు, ఏడు, రెండు సంవత్సరముల చొప్పున దశలను నిర్ణయించినది. పన్నెండు సంవత్సరములు దీర్ఘకాలమే. అయినను దాని చివర బల్ల ఉన్నది.

పేతురును ఇక్కడ తొందరపడి తీసికొనిరాకూడదు. పేతురు ప్రభువును ఎరుగనన్నాడు, కాని ఆయన మాటవలన మరొకడు చంపబడలేదు. విష్ణు చెప్పిన ఆచూకీ అంటే తోటి సైనికుల ప్రాణములు, దాని మీద ఒక నిర్దోషి పేరు. ఇట్టివానికి క్షమాపణ ప్రకటించు సేవకుడు మొదట రామ్ పేరును తిరిగి ఇప్పించవలెను. ఈ విషయములో సినిమా మన చౌక ప్రసంగములకంటె నీతిగలది: నిజము బహిరంగముగా రావలెనని పట్టుబట్టినది. మనమైతే రహస్యముగా ప్రార్థించి పంపివేసెదము.

అయినను యోహాను 21ని విడువలేము. "ఆంత్రాకియా", నిప్పుల కుప్ప, అను గ్రీకు మాట క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కనబడును: పేతురు చలి కాచుకొని బొంకిన ప్రాంగణములో (18:18), తీరమున ప్రభువు చేపలు కాల్చిన చోట (21:9). బొంకును జ్ఞాపకము చేయు ఆ నిప్పుల యొద్దనే భోజనము, ఆ తరువాత మూడు ప్రశ్నలు. గాయమును కప్పిపుచ్చలేదు, మనిషిని పంపివేయలేదు. చెరపట్టబడిన శత్రువుల విషయములోను లేఖనము ఇట్టిదే చూపుచున్నది: ఎలీషా షోమ్రోనులో చిక్కిన సిరియనులకు భోజనము పెట్టించి పంపించాడు (2 రాజులు 6). ఓదేదు మాట విన్న ఇశ్రాయేలీయులు చెరపట్టినవారికి వస్త్రములిచ్చి, నడువలేనివారిని గాడిదల మీద ఎక్కించి యెరికోకు చేర్చారు (2 దినవృత్తాంతములు 28).

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో తెల్లవారకముందే సైనిక నియామకముల కొరకు పరుగెత్తు పిల్లలు మన సంఘములలోను ఉన్నారు. వారికి మనము హరిబాబునే, రామ్‌నే చూపుచున్నాము.

ఆ నెలలోనే ఒక బుధవారము గృహకూటములో యోహాను 21 చదివాము. మా పెద్ద మధ్యలో ఆపి, "ఆ చేపలు కాల్చింది ఎవురు అయ్యగారూ, శిష్యులా?" అని అడిగాడు. ప్రభువే అన్నాను. కూటము తరువాత అందరు వెళ్ళినను ఆయన కూర్చుండియే ఉన్నాడు. అప్పుడు ఆయన తన సైనిక జీవితమును గూర్చి నాతో చెప్పినది ఇక్కడ వ్రాయుటకు నాకు అనుమతి లేదు.