పదికి పది గది

పాకాలలో మా అక్క వాళ్ల మిద్దె మీద ఒక గది ఉంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. ఒకప్పుడు పాత సామాన్లు పడేసే గది. ఇప్పుడది మా మేనల్లుడి రికార్డింగు స్టూడియో. మొన్న పోయినప్పుడు తలుపు మూసి, “మామా, ఒకసారి చప్పట్లు కొట్టు” అన్నాడు. కొట్టాను. చప్పుడు నా చేతుల దగ్గరే ఆగిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు ఇదే గదిలో చప్పట్లు కొడితే, గోడకూ గోడకూ తగిలి రేకు మోగినట్టు జర్రుమనేది. ఆ జర్రు ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం. కంప్యూటరు అంతకుముందే ఇంట్లో ఉంది. అది కాక వాడికైన ఖర్చు పాతిక వేల లోపు. ఆ డబ్బుతో ఏం కొన్నాడన్నదాని కంటే కొనకముందు ఏం విన్నాడన్నదే నాకు గొప్పగా తోచింది.

వాడు రికార్డు చేసేది మా పక్క భారతం పాటలు, పద్యాలు. చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడతారని ఇక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరి రోజు దుర్యోధనుడు మట్టిబొమ్మై నేలకూలతాడు. ఆ పద్యాలు కంఠతా వచ్చినవాళ్లు ఇప్పుడు వయసు మీద పడి ఉన్నారు. వాళ్లను మద్రాసుకో హైదరాబాదుకో తీసుకుపోయి పాడించే స్తోమత ఎవరికుంది? పాతతరం గాయకులు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై, చిత్తూరు నాగయ్య పేర్లలోనే మా ఊరుంది. వాళ్ల కాలంలో లక్క రికార్డు ఒక వైపు పట్టేది మూడున్నర నిమిషాలకు అటూ ఇటూ. రాగం ఎంత ఉన్నా ఆ గీతలోనే ఇమడాలి. ఈ రోజు గంటసేపు పాడినా ఆపమనేవాడు లేడు. కానీ ఆ గంట వినసొంపుగా ఉండాలంటే గది మాట వినాలి.

మా వాడు మొదట చేసిన పని అదే. మైకు కొనడానికి ముందు ఒక తాతను పిలిచి గది నడుమ నిలబెట్టి పాడించాడు. తాతది రెండు శ్రుతి. మంద్ర పంచమానికి దిగేసరికి గది ఒక్కసారిగా గుమ్మని మోగింది. పక్క స్వరాలకు ఆ మోత లేదు. మిగతా స్వరాల మీద ఆ ఒక్కటే పెత్తనం చేస్తోంది. దీనికి లెక్క ఉంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పదడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య అంత దూరం ఉంటే సెకనుకు 56 కంపనాల నాదం అక్కడ నిలిచి మోగుతుంది, దాని రెట్టింపు 112 కూడా అంతే. రెండు శ్రుతిలో మంద్ర పంచమం 110 దగ్గర ఉంటుంది. పైగా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడు దిక్కులూ ఒకే స్వరానికి వంత పాడతాయి. మన ఇళ్లలో పదికి పది గదులే ఎక్కువ. పాటకు ఇంతకంటే మొండి కొలత ఇంకొకటి లేదు.

గోడలు కదలవు. మనిషిని కదపవచ్చు. ఆ 112 కంపనాల నాదం గోడల దగ్గరా గది నడుమా బలంగా ఉంటుంది. గోడకు రెండున్నర అడుగుల దూరంలో బాగా సన్నగిల్లుతుంది. ఎత్తుకూ ఇదే లెక్క. నేల నుంచి రెండున్నర అడుగుల మీద అది నీరసపడుతుంది. మా వాడు ఒక మూలకు దగ్గరగా, రెండు గోడలకూ రెండున్నర అడుగుల ఎడంగా చాప పరిచాడు. చాప మీద కూర్చున్న మనిషి నోరు నేలకు ఎంత ఎత్తులో ఉంటుంది? ఇంచుమించు ఆ రెండున్నర అడుగులే. తాత కూర్చుని అదే పద్యం ఎత్తుకున్నాడు. పంచమం మిగతా స్వరాల పక్కన బుద్ధిగా వచ్చి కూర్చుంది. పైసా ఖర్చు కాలేదు. ఈ ఒక్క పనికే నేను వాడి చేతులు పట్టుకుని మెచ్చుకున్నాను.

తర్వాత గోడలు. బజారులో దొరికే అంగుళం మందం స్పాంజి పలకలు అంటిస్తే స్టూడియోలా కనిపిస్తుంది, అంతే. అవి ‘స’, ‘శ’ల పదును తగ్గిస్తాయి గానీ గొంతులోని లావు వాటిని దాటుకుని పోతుంది. నాదం అలను గుంజుకోవాలంటే దాని పొడవులో నాలుగో వంతు లోతన్నా కావాలని స్థూలమైన లెక్క. సెకనుకు 1000 కంపనాల స్వరానికి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు చాలు. 250 కంపనాలకు దాదాపు 34 సెంటీమీటర్లు కావాలి. అంత లోతు కొనలేక, వాడు గాలినే లోతుగా వాడుకున్నాడు. వెదురు కర్రలతో చట్రాలు కట్టి, మా అక్క పాత చీరలతో కుట్టిన బొంతలు రెండేసి మడతలు వేసి వాటికి బిగించాడు. వాటిని గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదిలి నిలబెట్టాడు. బొంతకూ గోడకూ మధ్య ఉన్న ఆ ఖాళీ కూడా మందం కిందే లెక్క. మూలల్లో దూది పరుపులు చుట్టి నిలువుగా పెట్టాడు, ఎందుకంటే లోతు స్వరాలు మూలల్లోనే పోగవుతాయి. తలుపు ఎదుటి గోడను మాత్రం సగం అలాగే వదిలేశాడు. ఎందుకురా అంటే, “అంతా మూసేస్తే తాత గోనెసంచిలో నుంచి పాడినట్టుంటాది మామా” అన్నాడు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే.

ఇక మైకు. గది మెత్తబడ్డాక గానీ కొనలేదు. కొన్నది కూడా చేతులు మారిన షూర్ ఎస్‌ఎం57. 1965 నుంచి అమ్ముడవుతున్న కాయిల్ మైకు అది. ఎదుట ఉన్న గొంతును పట్టుకుంటుంది, వెనకాలి సందడిని అంతగా పట్టించుకోదు. గాయకుడి నోటికి జానెడు దూరం. రెండు జానలైతే నేరుగా వచ్చే గొంతు బలం సగమవుతుంది, గది మోత మాత్రం తగ్గదు. బెత్తెడు దగ్గరికి తెస్తే గొంతు లావెక్కి మసకబారుతుంది. భారతం పాడేవాడికి ఇంకో చిక్కుంది. పద్యం నిండా భీముడు, భీష్ముడు, ఫల్గుణుడు, పాంచాలి. ‘భ’, ‘ఫ’, ‘ప’ల దగ్గర నోటి నుంచి గాలి ఒక్క దెబ్బగా వచ్చి మైకును గుద్దుతుంది. మా వాడు మైకును నోటికి ఎదురుగా పెట్టకుండా కాస్త పక్కకు జరిపి, దాని మూతిని పెదవి అంచు వైపు తిప్పాడు. మధ్యలో ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి పెట్టాడు. గాలి గుడ్డకు తగిలి చెదిరిపోతుంది, మాట మాత్రం మైకుకు చేరుతుంది. భీముడు గద ఎత్తినా రికార్డింగు అదరలేదు.

ఇదే మైకు రకంతో అమెరికాలో ఒక గొప్ప పని జరిగింది. 1982 జనవరిలో గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో తన అద్దె ఇంటి పడకగదిలో, ఎస్‌ఎం57లు రెండు పెట్టుకుని, మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు ఎక్కించే టాస్కామ్ పోర్టాస్టూడియోలో పాటలు పాడుకున్నాడు. బ్యాండుతో పెద్ద స్టూడియోలో పాడుకోవడానికి చేసుకున్న నమూనాలు అవి. తీరా స్టూడియోలో మళ్లీ పాడితే పడకగదిలో పలికింది అక్కడ పలకలేదు. చివరికి ఆ క్యాసెట్టునే అదే ఏడాది సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’ పేరుతో విడుదల చేశారు. నాలుగే ట్రాకులు కాబట్టి ప్రతి వాయిద్యం తన అవసరం రుజువు చేసుకున్నాకే లోపలికి వచ్చింది. ఈ రోజు కంప్యూటరులో ట్రాకులకు లెక్కే లేదు. అయినా మా వాడు తాత గొంతుకు ఒకటి, మద్దెలకు ఒకటి, తాళానికి ఒకటి మించి తెరవడు.

అన్నీ కుదిరాక తీసిన మొదటి రికార్డింగు పాడైపోయింది. పద్యం వెనక సన్నగా గుయ్‌మనే మోత. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు తిరుగుతుంది, ఆ మోత దానిదే. వాడు ఒక్కో తీగా పీకుతూ విన్నాడు. కంప్యూటరు ఛార్జరు తీసేస్తే మోత ఆగింది. గోడ సాకెట్టులో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్తు తీగే లేదు. ఎలక్ట్రీషియనును పిలిచి ఇంటి వెనక గుంత తీయించి, ఉప్పూ బొగ్గూ వేయించి ఎర్తు కట్టించాడు. అది కట్టే దాకా బ్యాటరీ మీదే పని నడిపాడు. మోతను తర్వాత కంప్యూటరులో గీకేయవచ్చు, కానీ గీకితే గొంతు కూడా కొంత పోతుంది. అందుకే పుట్టిన చోటే ఆపాడు.

రైలును మాత్రం ఆపలేడు. పాకాల జంక్షను. తిరుపతి నుంచి కాట్పాడికి పోయే దారి, ధర్మవరం నుంచి వచ్చే దారి ఇక్కడే కలుస్తాయి. బొంతలు గదిలోని మోతను తాగుతాయి గానీ బయటి చప్పుడును ఆపవు. దాన్ని ఆపాలంటే బరువైన గోడలు, సందు లేని తలుపులు కావాలి. లక్షలతో పని. వాడు తలుపు సందులకు రబ్బరు పట్టీ వేసి అక్కడితో ఆగాడు. ఒక నోటుబుక్కులో ఏ బండి ఎప్పుడు కూత వేస్తుందో రాసుకున్నాడు. బండికీ బండికీ మధ్య దొరికే ఆ ఖాళీల్లోనే, ఎక్కువగా తెల్లవారుజామున, ఫ్యాను ఆపి పాడిస్తాడు. నేలలో నుంచి వచ్చే బండి అదురును 80 కంపనాల కింద కోసేస్తాడు. ఆ కిందన తాత గొంతుకు పనేమీ లేదు. నిశ్శబ్దాన్ని డబ్బుతో కొనలేనప్పుడు వేళతో సంపాదించుకోవచ్చని ఆ నోటుబుక్కు చూశాక నాకు అర్థమైంది.

ఇంటి స్టూడియో ఇచ్చే అసలు వరం కూడా ఆ వేళే. మన రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఏ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసు కోడంబాక్కంలో తన ఇంటి పెరట్లోనే పంచతన్ స్టూడియో పెట్టుకున్నాడు. పరికరాల కోసం తల్లి కరీమా బేగం నగలు ఇచ్చారు. గంటకు అద్దె కట్టే చోట తప్పు చేయడానికి భయం. సొంత గదిలో ఒకే పాటను రాత్రంతా చెరిపి రాసుకోవచ్చు. 1992లో ‘రోజా’ పాటలు విన్నవాళ్లకు ఆ తీరిక విలువ ఏమిటో చెప్పక్కర్లేదు.

ఒక తెల్లవారుజామున తాత పాడుతుండగా నేను గదిలోనే ఉన్నాను. ఒక పద్యంలో ఊపిరి చాలక ఆగాడు. “మళ్లా పాడతా అబ్బోడా” అన్నాడు. “తొందర లేదు తాతా, నీళ్లు తాగు” అన్నాడు మా వాడు. మళ్లీ పాడినది బాగుంది. తర్వాత ఇద్దరం విన్నాం. పాదానికీ పాదానికీ మధ్య తాత పీల్చిన ఊపిరి వినబడుతోంది. దాన్ని తీసేస్తావా అని అడిగాను. తీయనన్నాడు. నా తీర్పు కూడా అదే. ఆ ఊపిరి వినబడేటంత నిమ్మళంగా గదిని మార్చడమే వాడి పనితనం.

మీ ఊళ్లోనూ పద్యాలో, జోల పాటలో, చెక్కభజన పాటలో నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఉంటారు. మైకు ధరలు చూడటం రేపటికి వాయిదా వేయండి. ఈ రోజు ఒక గది ఎంచుకుని, చప్పట్లు కొట్టి వినండి. ఇంట్లో ఉన్న బొంతలు వేలాడదీయండి. ఫోనులోనైనా సరే, ముందు వాళ్లను కూర్చోబెట్టి పాడించండి. మంచి మైకు వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది.