ఎర్రపూల గుట్టకు పేరు పెట్టాలంటే

ఏప్రిల్, మే నెలల్లో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కులో నడిచేవారి చూపు రాళ్ల సందుల్లోని ఎర్రటి గుట్ట మీద ఆగిపోతుంది. ఒక్కోచోట వందలాది పొట్టి కాండాలు ఒరుసుకుని పెరిగే కాక్టస్ అది. పేరు మొహావీ మౌండ్. శాస్త్రనామం ఎకినోసీరియస్ మొహావెన్సిస్.

ఎర్రగా పూసింది కాబట్టి అదేనని రాసుకుని సాగిపోవడం తేలిక. కానీ పూత ఏడాదిలో కొద్ది వారాలే. పువ్వొక్కటే తెలిసినవారికి మిగతా నెలల్లో ఆ మొక్క ముళ్లకుప్ప కిందే లెక్క. మన రైతు పూత కోసం ఆగడు. కాండం గిల్లి, పాలు కారితే బొమ్మజెముడని, కారకపోతే నాగజెముడని తేల్చేస్తాడు. ఎడారిలోనూ ఆ చూపే కావాలి.

ముందుగా ముళ్లు. అదే పార్కులో పెరిగే మరో కాక్టస్ ఎంగెల్మాన్ హెడ్జ్‌హాగ్. దాని ముళ్లు పొడవుగా, నిటారుగా ఉంటాయి. ఒకే మొక్క మీద పసుపు, గోధుమ, బూడిద రంగులు కనిపిస్తాయి. మౌండ్ ముళ్లు బూడిద రంగులో వంకర్లు తిరిగి ఉంటాయి. పూతకొస్తే తేడా మరీ స్పష్టం. ఎంగెల్మాన్ పువ్వుది ముదురు గులాబీ రంగు, రేకులు పల్చన; రాత్రికి ముడుచుకుంటుంది, తేనెటీగలను పిలుస్తుంది. మౌండ్ పువ్వు రేకులు ఎర్రగా, మందంగా, గుండ్రంగా ఉంటాయి. అది రాత్రీపగలూ విచ్చుకునే ఉంటుంది. దాని మకరందం హమ్మింగ్ బర్డ్‌ల కోసం.

అసలు చిక్కు ఇంకా తూర్పున, ఇలాగే ఎర్రగా పూసే బంధువులతో ఉంది.

కొలరాడో 2014లో రాష్ట్ర కాక్టస్‌గా ఎంచుకున్న క్లారెట్ కప్ ఎకినోసీరియస్ ట్రైగ్లోకిడియాటస్. దాన్నీ, దానికి కవలలాంటి ఎకినోసీరియస్ కాక్సినియస్‌నూ వృక్షశాస్త్రవేత్త జార్జ్ ఎంగెల్మాన్ 1848లోనే వర్ణించాడు. మొదటిదానికి 22 క్రోమోజోములు, రెండోదానికి 44. కంటికి అవి కనబడవు. అయితే కాక్సినియస్‌లో చాలాచోట్ల ఆడ, మగ మొక్కలు వేరు. ఆడపువ్వు పరాగకోశాల్లో పుప్పొడి ఉండదు. పువ్వులోకి వంగి చూసినవారికే ఆ ఆధారం దొరుకుతుంది.

ఇదంతా పేర్ల మీద మోజు కాదు. ఇలాగే ఎర్రగా పూసే ఆరిజోనా హెడ్జ్‌హాగ్ కాక్టస్‌ను అమెరికా ప్రభుత్వం 1979లో అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది. అది ఎక్కడుందో పోల్చుకోలేకపోతే రక్షణ కాగితానికే పరిమితం.

అందుకే ఫొటో తీసేవారు పువ్వుతో సరిపెట్టుకోకూడదు. గుట్ట మొత్తం, ఒక కాండం, ముళ్లు పుట్టే చోటు, పువ్వు లోపలి భాగం తీయాలి. చుట్టూ ఉన్న రాయి, ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో రాసుకోవాలి. అప్పటికీ తేలకపోతే ఈ ఎర్రపూల బంధువులకు ఉమ్మడిగా వాడే క్లారెట్ కప్ పేరు మాత్రమే రాసి ఆపడం నిజాయితీ. ఆ వివరాలుంటే జాతి పేరు మరొకరు తేల్చగలరు.