తెర మీద చదివి చూడాలి

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లకు తెలుగు చేర్చే పని మా ఊరు చేజర్లలో కూర్చునే చేయొచ్చు. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్‌నే తీసుకోండి. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన దానికి దేశదేశాల ఔత్సాహికులు క్రౌడిన్ అనే అనువాద సైట్లో అనువాదాలు చేస్తున్నారు. ఆ భాషల్లో తెలుగూ ఉంది.

ఫైళ్లలో నేరుగా చేసినా పద్ధతి తేలికే. ఎక్స్‌టెన్షన్‌లోని లొకేల్స్ ఫోల్డర్లో ‘టీఈ’ అని ఇంకో ఫోల్డరు, అందులో మెసేజెస్ డాట్ జేసన్ ఫైలు. ఇంగ్లిష్ వాక్యం ఉన్నచోట తెలుగు పెట్టుకుంటూ పోవడమే. ఒక కామా జారిపోతే ఎక్స్‌టెన్షన్ లోడే కాదు కాబట్టి ఆ తప్పు అప్పుడే పట్టుబడుతుంది. ఏదైనా వాక్యం అనువదించకుండా వదిలేస్తే మాత్రం బ్రౌజర్ ఏమీ అనదు. డిఫాల్ట్ భాషలో ఉన్నది, సాధారణంగా ఇంగ్లిషు, తెచ్చి అక్కడ పెట్టేస్తుంది.

అసలు చిక్కు వాక్యం కట్టులో ఉంది. కొందరు ప్రోగ్రామర్లు వాక్యాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో అంకె దూరుస్తారు. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. మనకు ‘ఆపాం 12 ప్రకటనలు ఈ పేజీలో’ అని తయారవుతుంది. ఎంత పండితుడైనా ఆ ముక్కలతో మంచి తెలుగు రాయలేడు. వాక్యమంతా ఒకటిగా ఉంచి, అంకె చోట ప్లేస్‌హోల్డర్ పెట్టమని అడిగి తీరాలి. పైగా క్రోమ్ వాళ్ల ఐ18ఎన్ అనే అనువాద ఏర్పాటులో ఏకవచన బహువచనాలు చూసుకునే సదుపాయం లేదు. అందుకే నేను ‘ఆపిన ప్రకటనలు: 1’ అని రాస్తాను. ఏ అంకె వచ్చినా చెల్లుతుంది.

ఇదంతా అయ్యాక ఫైర్‌ఫాక్స్ డీబగ్గింగ్ పేజీలో తాత్కాలికంగా లోడ్ చేసి, బ్రౌజర్ భాష తెలుగుకు మార్చి, ప్రతి బటనూ నొక్కి చూడాలి. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే కుర్రాడి కంప్యూటర్లో ఒక ఎక్స్‌టెన్షన్ అలాగే పెట్టి చదవమన్నాను. గడగడా చదువుతూ ఒకచోట ఆగాడు. “ఇదేంది సార్, ‘నిష్క్రియం’ కింద కోసేసినట్టుంది?” నిజమే. ష కింద దిగాల్సిన వత్తులు సగానికి తెగిపోయాయి. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు బటన్ ఎత్తు బిగించేస్తే వత్తులకు చోటెక్కడిది? ఫాంటు మారితే కొలతా మారుతుంది. పాత విండోస్‌లో గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, కొన్ని లినక్స్‌లలో లోహిత్ తెలుగు. మూడింట్లోనూ చూడాలి.

ఫోన్లోనూ చూడాలి. 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ కూడా ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది. మా వైపు ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫోనే. ఆ చిన్న తెర మీద తెగిన అక్షరాలు, తలకిందులైన వాక్యాలు కనిపిస్తే, జనం తెలుగు వద్దు ఇంగ్లిషే నయం అనుకుంటారు. ఆ నష్టం నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు ఊరొచ్చే పిల్లలకు నా మనవి. మీరు రోజూ వాడే ఎక్స్‌టెన్షన్ ఒకటి తెలుగులో పెట్టి, అమ్మచేతో నాన్నచేతో చదివించండి. వాళ్లు తడబడ్డ చోటల్లా తెర ఫొటో తీసి, తయారుచేసిన వాళ్లకు పంపండి.