కాలికి ఆనిక ఉంటేనే చేతికి కబురు

శనివారం పొద్దున పందెం, సాయంత్రం కుటుంబంతో ఏదో ఒక రేవులో లంగరు, అక్కడే వంట, అక్కడే నిద్ర. వీటన్నిటికీ ఒకే తెరచాప పడవ కావాలనుకునేవాళ్ల కోసం పుట్టినవి పెర్‌ఫార్మెన్స్ క్రూజర్లు. డెన్మార్క్‌లో 1979లో మొదలైన ఎక్స్-యాట్స్, స్వీడన్‌కు చెందిన ఆర్కోనా, అమెరికాలో జాన్‌స్టన్ సోదరుల జే-బోట్స్, ఫ్రాన్స్‌కు చెందిన బెనెతో ఫస్ట్ వరస పడవలు ఈ కోవలోవే. ఇంగ్లండ్‌లో నేనుండే సౌతాంప్టన్ పక్కన హాంబుల్ నదిలో ఇవి బారులు తీరి ఉంటాయి. స్నేహితుల పడవల్లో సొలెంట్ జలసంధిలో తిరుగుతూ, వాళ్లు చుక్కాని తిప్పే చక్రం అప్పగించినప్పుడల్లా పట్టుకుంటూ వచ్చాక నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్‌లో చోటు గురించి ఒక పేరా, చుక్కాని స్పర్శ గురించి ఇంకో పేరా రాయడం సమీక్షకులకు అలవాటు. నీళ్ల మీద ఆ రెండిటినీ విడదీయలేం.

ముందు స్పర్శ సంగతి. తెరచాపల మీద గాలి మోపే బలానికి ఒక కేంద్రం ఉంటుంది. నీటి అడుగున కీల్ (పడవ కింద బిగించిన బరువైన రెక్క), చుక్కాని కలిసి పడవను పక్కకు జారకుండా నిలిపే బలానికి మరో కేంద్రం ఉంటుంది. పడవ ఒరిగే కొద్దీ గాలి బలం నడిగీత దాటి ఒరిగిన వైపుకు జరుగుతుంది. దాంతో పడవ ముక్కు గాలికి ఎదురు తిరగాలని చూస్తుంది. దాన్ని దారిలో ఉంచడానికి చుక్కానిని కాస్త పక్కకు పట్టి ఉంచాలి. గాలికి ఎదురీదేటప్పుడు 3 నుంచి 5 డిగ్రీల కోణం మంచిదంటారు. ఆ కోణంలో చుక్కాని కూడా రెక్కలాగా పనిచేసి, పడవ పక్కకు కొట్టుకుపోకుండా కీల్‌కు సాయపడుతుంది. అంతకు బాగా మించితే అదే చుక్కాని నీటికి అడ్డంపడి వేగాన్ని తినేస్తుంది.

ఈ కాస్త కోణంలోనే పడవ నడిపే ఆనందమంతా ఉంది. పగ్గం పట్టిన రైతుకు ఎద్దు అడుగు మారబోతోందని ముందే తెలిసినట్టు, మంచి పడవలో గాలి విసురు తాకగానే, పడవ ఇంకా ఒరగకముందే, అరచేతిలో బరువు మారుతుంది. ఆ కబురు అందినవాడు తెరచాప తాడు కొంచెం వదులుతాడు. అందనివాడు పడవ పూర్తిగా ఒరిగాక చక్రాన్ని గబగబా తిప్పుతాడు. అప్పటికే వేగం పోయి ఉంటుంది.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవ మీద నేర్చుకున్నవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చుక్కానికి తగిలించిన టిల్లర్ కర్ర కదలిక నేరుగా చేతికి తెలుస్తుంది, మధ్యలో యంత్రాంగమేమీ ఉండదు. వానాకాలపు పడమటి గాలి గట్టు మీది భవనాల మధ్య దారి తప్పి దిక్కు మార్చుకున్నప్పుడు ఆ సంగతి ముందు ఆ కర్రే చెబుతుంది. నాకు చుక్కాని అంటే ఏమిటో చెప్పింది ఆ చెరువే. ఇప్పటికీ ఏ పడవ చక్రం పట్టుకున్నా ఆ కర్రతోనే పోల్చి చూసుకుంటాను.

40 అడుగుల పడవలో అంత సూటి బంధం కుదరదు. చక్రానికీ చుక్కానికీ మధ్య గొలుసు, ఉక్కు తీగలు, కప్పీలు ఉంటాయి, లేదా పళ్ల చక్రాలు, కడ్డీలు. ఒక్కో కీలు దగ్గరా కొంత రాపిడి పుడుతుంది, కొంత కబురు అక్కడే ఆగిపోతుంది. చుక్కాని ఇరుసు తిరిగే బుష్ నీటికి ఉబ్బితే చక్రం బిగుసుకుంటుంది. రోలర్ బేరింగులు ఉంటే తేలిగ్గా తిరుగుతుంది. ఆటోపైలట్ ఆపేసినా దాని హైడ్రాలిక్ రామ్ చుక్కానికి తగిలించే ఉంటే ఆ లాగుడు కూడా చేతి మీదికే వస్తుంది. చుక్కాని పలకను ఎలా చెక్కారన్నదీ ముఖ్యమే. ఇరుసుకు ముందువైపు కొంత వైశాల్యం ఉంచితే బరువు తగ్గుతుంది. మరీ ఎక్కువ ఉంచితే చక్రం చచ్చుబడుతుంది, లేదా పలక తనంతట తానే పక్కకు తిరగబోతుంది. చక్రం తేలిగ్గా తిరగడమే మంచి స్పర్శ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తేలిగ్గా ఉంటూనే మాట్లాడే చక్రం దొరకడం కష్టం. ఎక్స్-యాట్స్ పాత పడవల్లో నాకది దొరికింది.

ఇక కాక్‌పిట్. కొత్త పడవల్లో వెనుక భాగాన్ని విపరీతంగా వెడల్పు చేస్తున్నారు. అట్లాంటిక్ పందెం పడవల నుంచి వచ్చిన రూపం అది. వెడల్పుంటే పడవ తక్కువ ఒరుగుతుంది, వెనుకగాలికి దూసుకుపోతుంది, లోపల రెండు పెద్ద పడకలు పడతాయి. రేవులో పదిమంది బల్ల చుట్టూ కూర్చుని భోంచేయొచ్చు. నిజమే. కానీ 4 మీటర్ల వెడల్పున్న వెనుక భాగం 20 డిగ్రీలు ఒరిగినప్పుడు ఈ అంచుకూ ఆ అంచుకూ ఎత్తులో తేడా సుమారు 1.37 మీటర్లు. మనిషి భుజమెత్తు. ఆ ఏటవాలులో నిలబడి చక్రం పట్టినవాడి కాళ్ల కింద ఏముంది? నున్నటి నేల ఉంటే వాడు చక్రానికే వేలాడతాడు. ఒంటి బరువంతా ఆ చేతుల మీద పడ్డాక మూడు వేళ్లకు తెలియాల్సిన కబురు ఎలా తెలుస్తుంది?

అందుకే కాలికి ఆనిక కావాలంటున్నాను. చక్రం దగ్గర నేల మీద ఏటవాలు పలకలు బిగిస్తే పడవ ఒరిగినా పాదం మట్టసంగా నిలుస్తుంది. ఎదురు బెంచీకి కాలు అందేంత ఇరుకుగా కాక్‌పిట్ ఉంటే కూర్చున్నవాళ్లు జారరు. వీపు ఆనుకోవడానికి అంచు తగినంత ఎత్తుండాలి, దాని మీదెక్కి కూర్చుంటే తొడ కింద కోసుకోకూడదు. మెయిన్‌సెయిల్ తాడు చక్రం పట్టినవాడి చేతికి అందాలి. చాలా క్రూజర్లలో కాక్‌పిట్ ఖాళీగా ఉంచాలని ఆ తాడునూ, దాని పట్టానూ క్యాబిన్ పైకప్పు మీదికి పంపేస్తున్నారు. అప్పుడు విసురు కబురు చేతికి అందినా ఏం లాభం? తాడు వదిలే మనిషి మూడు మీటర్ల దూరంలో ఉంటాడు.

రెండు చక్రాల మీద నాకు పగ లేదు. మధ్య నుంచి నడిచి వెళ్లొచ్చు, ఏ పక్కన కూర్చున్నా ఒక చక్రం అందుతుంది. ఒకే పెద్ద చక్రమైతే, ఫార్ డిజైన్ చేసిన బెనెతో ఫస్ట్ 40.7లో లాగా, నేలలో గాడి కోసి దించాలి, దాన్ని చుట్టుకుని వెళ్లాలి. అయినా పడవ అంచున కూర్చుని ముందు తెరచాపను చూస్తూ ఆ చక్రం తిప్పడంలో ఉన్న సుఖం వేరు. జంట చుక్కానుల పడవలకూ కారణం ఉంది. వెడల్పాటి వెనుక భాగం ఒరిగితే నడిమి చుక్కాని నీటిపైకి లేచిపోతుంది, పక్కనున్నది లోతుగా దిగి పట్టు ఇస్తుంది. పోగో, ఎలాన్ పడవలు ఒరిగినప్పుడు పట్టు తప్పకుండా నడిచేది అందుకే. కాకపోతే రెండు పలకలు, రెండు ఇరుసులు, వాటిని కలిపే కడ్డీ దాటి వచ్చేసరికి కబురు పలచబడుతుంది. రేవులో మెల్లగా తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ తోసే నీరు ఏ పలకకూ తగలదు, అదొక ఇబ్బంది.

పెద్ద కాక్‌పిట్‌కు ఇంకో లెక్క ఉంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు వెయ్యి కిలోల పైచిలుకు. వెనుక నుంచి అల విరిగి పడితే ఆ బరువు ఎంత త్వరగా బయటికి పోతుందన్నది ప్రాణాల ప్రశ్న. 1979లో ఫాస్ట్‌నెట్ అనే సముద్రపు పడవ పందెంలో తుపానుకు 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ ఏడు చిన్న పడవల తరగతిలో పందెం పూర్తిచేసింది అసెంట్ అనే కాంటెస్సా 32 ఒక్కటే. ఇరుకు కాక్‌పిట్, టిల్లర్ ఉన్న పడవ అది. కాక్‌పిట్ వల్లే బయటపడిందనను, దాని ఒడలు కూడా గట్టిది.

చక్రాన్నే పూర్తిగా నమ్ముకోవడానికీ లేదు. మన ఐశ్వర్య బొడ్డపాటి (హైదరాబాద్), పి. స్వాతి (విశాఖ) ఉన్న నౌకాదళ మహిళల బృందం 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చింది. తిరుగు ప్రయాణంలో చుక్కాని తిప్పే యంత్రాంగంలో లోపం వచ్చి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగవలసివచ్చింది. ప్రతి చక్రపు పడవలో చక్రం పనిచేయనప్పుడు వాడే అత్యవసర టిల్లర్ ఉంటుంది. పెట్టె అడుగున పడి ఉండే ఆ కర్రను తగిలించి చూసినవాళ్లు చాలా తక్కువ. తగిలిస్తే కొన్ని పడవల్లో అది చక్రానికే తగులుతుంది.

నా తీర్పు ఇది. 33 అడుగుల లోపు పడవకు టిల్లర్ చాలు. అంతకు మించితే ఒకే పెద్ద చక్రం, వెడల్పు నిజంగా కోరితేనే రెండు. బెంచీల మధ్య దూరం మీ కాలి పొడవును బట్టి ఉండాలి. పడవ కొనబోతుంటే రేవులో కాఫీ తాగి సంతకం పెట్టకండి. 15 నాట్లకు మించి గాలి వీచే రోజున బయటికి తీసుకెళ్లమనండి, ఆటోపైలట్ రామ్ విప్పించండి, చక్రం దగ్గర ఒరిగిన పడవలో ఒక గంట నిలబడండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో పడవ చూసుకోండి.