చేతిపనికీ ఒక ధర

చెవులు కుట్టించిన పిల్లకు దుద్దులు అమరేదాకా బెజ్జం పూడిపోకుండా వేపపుల్లో చీపురుపుల్లో పెట్టడం మన ఇళ్లల్లో అందరూ ఎరిగిన సంగతే. తాటాకును చుట్టగా చుట్టి చెవితమ్మెకు పెట్టుకున్న తరాలు దక్షిణాదిలో ఉన్నాయి. పుస్తెలు చేయించే స్తోమత లేనివాళ్లు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని నిండు కాపురాలు చేశారు. లంబాడీ ఆడవాళ్ల రవికెల మీదా ఓణీల మీదా గవ్వలూ అద్దాల బిళ్లలూ చెలామణీ పోయిన నాణేలూ ఎంత నిండుగా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. చేతికి అందినదానితో సింగారించుకోవడం మనకు కొత్త విద్యేమీ కాదు. కొట్లో కొన్నదే నగ అని నడుమ ఎప్పుడో నమ్మడం మొదలుపెట్టాం. ఈ పుస్తకం ఆ పాత విద్యను ఇవాళ్టి ఇంట్లో దొరికే సరుకుతో మళ్లీ నేర్పుతోంది.

దీన్ని రాసిన అమ్మాయి ఒకప్పుడు నా క్రాఫ్టు క్లాసులో ముందు వరసలో కూర్చున్న పిల్ల. ఇప్పుడు తనే నలుగురికీ నేర్పుతోంది. ముందుమాట రాయమంటే చనువు కొద్దీ ఒప్పుకున్నాను. రాతప్రతి తెరిచాక మాత్రం చనువును పక్కన పెట్టి, కత్తెరా జిగురుసీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను. చెప్పిన కొలతలకు చెప్పిన వస్తువే వస్తోంది. చేతిపని పుస్తకానికి ఇంతకు మించిన గీటురాయి నాకు తెలియదు.

మొదటి అధ్యాయం మొత్తం ఏవి వాడకూడదో చెప్పడానికే కేటాయించింది. ఈ రకం పుస్తకాల్లో సాధారణంగా ఆ మాటే ఉండదు. గురివింద గింజలు చూడముచ్చటగా ఉంటాయి, వాటితో కంసాలులు బంగారం తూచిన రోజులున్నాయి. కానీ ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. పైపెంకు గట్టిగా ఉన్నంతవరకు అది లోపలే ఉంటుంది. దండ గుచ్చడానికి బెజ్జం వేశామంటే ఆ కాపలా పోయినట్టే. మెడలో ఏం వేసినా నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో ఆ దండ ఉండకూడదు. పాత రేడియోల, కంప్యూటర్ల లోపలి పచ్చబోర్డులను ముక్కలు చేసి లాకెట్లుగా వేసుకోవడం ఈమధ్య ఫ్యాషనైంది. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది కనుక ఈమె వాటినీ వద్దంది. మందుబిళ్లల అట్టల రేకు అంచు చర్మాన్ని కోస్తుందని దాన్నీ పక్కన పెట్టింది. ఇక చవక కమ్మలు పెట్టుకోగానే చెవి దురద పుట్టి చీము పట్టే బాధ చాలామందికి అనుభవమే. లోహంలో కలిసిన నికెల్ చాలాసార్లు దానికి కారణం. అందుకని కమ్మ ఏ పాత సరుకుతో చేసుకున్నా, చెవిలోకి వెళ్లే కొక్కెం దగ్గర మాత్రం పిసినారితనం వద్దనీ, మంచి స్టెయిన్‌లెస్ స్టీలుదో వెండిదో కొనమనీ గట్టిగా చెప్పింది. పుస్తకం మొత్తం మీద డబ్బు పెట్టి తీరాలని ఆమె పట్టుబట్టిన చోటు ఇదొక్కటే. సబబైన పట్టుదల.

శుభలేఖల అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బీరువా మీదో పుస్తకాల అడుగునో పాత శుభలేఖలు పోగుపడని ఇల్లు లేదు. మూలలకు పసుపు, పైన వినాయకుడో వేంకటేశ్వరస్వామో. పారేయడానికి చేతులు రావు. ఈమె ముందుగా దేవుడి బొమ్మనూ పెళ్లివారి పేర్లున్న భాగాన్నీ జాగ్రత్తగా కత్తిరించి విడిగా దాచమంటుంది. అసలు పని ఆ తర్వాతే. పైఅట్ట దళసరి కనుక చుడితే విరుగుతుంది. దాన్ని గుండ్రంగా కోసి కమ్మల బిళ్లలకు వాడుకోవాలి. పూసకు లోపలి పలచటి కాగితమే అనువు. ఒక కొస 2 సెంటీమీటర్ల వెడల్పు, రెండో కొస సూదిగా, పొడవు 30 సెంటీమీటర్లు ఉండేలా పట్టీలు కోసి, వెడల్పు కొస నుంచి చీపురుపుల్ల మీద బిగువుగా చుట్టుకుంటూ పోవాలి. నడుమ లావుగా, కొసల్లో సన్నగా పూస తేలుతుంది. మొదటి చుట్టుకు జిగురు రాస్తే కాగితం పుల్లకే అతుక్కుపోతుంది. ఒక చుట్టు తిరిగాకే రాయాలి, అదీ పలచగా. జిగురు పూర్తిగా ఆరకముందే పుల్లను మెల్లగా తిప్పి లాగేయాలి. ఆరిన పూసకు వార్నిష్ రెండు పూతలు, మొదటిది బాగా ఎండాకే రెండోది. పూత సరిగా పడని పూస మన ఎండాకాలపు చెమటకు ఉబ్బి, పొరలు విడిపోతుంది. పట్టీ ఎంత వెడల్పో పూస అంత పొడవు, పట్టీ ఎంత పొడుగో పూస అంత లావు. ఈ కిటుకు చేతికి పట్టుబడిందంటే ఆ తర్వాత పుస్తకం మూసేసి సొంత కొలతలతో చేసుకోవచ్చు. నేనూ అలాగే చేశాను.

కాగితపు పూసను చులకనగా చూసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఉగాండా ఉత్తర ప్రాంతంలో ఏళ్ల తరబడి సాగిన యుద్ధం తరిమేస్తే, ఊళ్లు వదిలి రాజధాని కంపాలాకు వచ్చి చేరిన ఆడవాళ్లు పాత కాగితాలతో ఇలాంటి పూసలే చుట్టారు. ఆ దండలు దేశాలు దాటి అమ్ముడుపోయాయి. ఆ చుట్టడంతోనే ఇల్లు గడుపుకున్నవాళ్లున్నారు.

పట్టుచీరల విషయంలో రచయిత్రిది నా మనసుకు దగ్గరైన మాట. మడతల దగ్గర చిట్లిన చీరను పాతబట్టలతోపాటు వేసి స్టీలుగిన్నె తెచ్చుకున్న ఇళ్లు నాకు తెలుసు. చీర ఒళ్లు పాడైనా అంచు చాలాకాలం గట్టిగానే ఉంటుంది. కత్తెర పెట్టేముందు ఒక్కసారి జరీని చూపించుకోమంటుంది ఈమె. అసలు వెండిజరీ అయితే తూకానికి కొనేవాళ్లు ఉన్నారు, దాన్ని గాజులకు చుట్టడం నష్టం. ఇప్పటి ప్లాస్టిక్ జరీ అయితే నిశ్చింతగా కోసుకోవచ్చు. వన్నె తగ్గిన పాత గాజులు రెండు మూడు కలిపి అతికించి, వాటి మీద అంగుళం వెడల్పు అంచుపట్టీని చుట్టే పద్ధతి చెప్పింది. జిగురు గాజుకే రాయాలి, గుడ్డకు రాయకూడదు. గుడ్డకు రాస్తే పట్టులోంచి పైకి ఊరి మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక జన్మలో పోదు. ఇలాంటి మాటలు చేసిన చేతులకే తెలుస్తాయి.

2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఆ ధర అందనివాళ్లకు ఓదార్పుగా ఈ పుస్తకం వచ్చిందని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. బంగారం అందనివాళ్ల కోసం మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఉండనే ఉంది. అక్కడి పనివాళ్లు రోల్డుగోల్డులో చేయని నగ లేదు, వాళ్ల నేర్పుకు దండం పెడతాను. కానీ ఆ నగ బంగారంలా కనిపించడానికి పుట్టింది. ఈ అమ్మాయి పాత చొక్కాగుండీతో చేసే కమ్మను చూస్తే ఇది గుండీ అని తెలిసిపోతుంది, తెలియాలనే చేసింది. హైదరాబాదు లాడ్‌బజార్‌లో లక్కగాజు లక్కగానే మెరుస్తుంది, దాన్ని ఎవరూ బంగారానికి నకలు అనరు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంటి సరుకుతో చేసిన నగనూ ఆ వరసలోనే చూడమని నా మనవి.

ఇక నేను ఈ ముందుమాట రాయడానికి అసలు కారణమైన చివరి అధ్యాయం గురించి. అది ధరల అధ్యాయం.

ఈ అమ్మాయి డ్వాక్రా సంఘాల స్టాళ్లలో తన సరుకు పెట్టడం మొదలెట్టిన కొత్తలో నన్నొక మాట అడిగింది: "టీచరుగారూ, కాగితం ఊరికే వచ్చింది కదా, దండకు యాభై రూపాయలు చెబితే ఎక్కువంటారేమో?" కొనేవాళ్లు సరిగ్గా ఆ మాటే అంటారు. పాత కాగితమేగా, ఇంట్లో తీరికవేళ చేసిందేగా అని. ఈ మాట ఎంతమంది ఆడవాళ్ల కష్టాన్ని మింగిందో తెలియాలంటే నర్సాపురం వెళ్లాలి. మిషనరీలు నేర్పిన అల్లికతో గోదావరి డెల్టాలో లేసు పరిశ్రమ లేచింది, సరుకు విదేశాలకు ఓడలెక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ తిరిగి, ఆ ఆడవాళ్లతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంటిపనంతా చేసుకుంటూనే గంటల తరబడి లేసు అల్లే ఆ ఇల్లాళ్లకు ముట్టేది పొలం కూలీకంటే తక్కువని ఆమె చూపించింది. వాళ్లను కార్మికులని ఎవరూ అనలేదు. ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు పొద్దుపోక అల్లుకుంటున్నారన్నారు. పొద్దుపోక చేసేదానికి కూలి ఏమిటన్న లెక్కతో వ్యాపారం పెరిగింది. ఆ లేసుకూ 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లిన చేతికి ఎంత ముడుతోందన్నది మాత్రం విడిగా అడగాల్సిన ప్రశ్నే.

అందుకే ఆ రోజు అమ్మాయికి చెప్పాను, సరుకు చవక కావచ్చు గానీ నీ చెయ్యి చవక కాదని. ఆ మాటను ఆమె ఈ అధ్యాయంలో లెక్కల్లోకి దించింది. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజుకూలీ 300 రూపాయలు. దాన్ని ఎనిమిది గంటలకు పంచితే గంటకు 37 రూపాయల 50 పైసలు. ఒక కాగితపు పూసల దండకు కోయడం, చుట్టడం, పూత, గుచ్చడం కలిపి మూడు గంటలు పడితే కూలీయే 112 రూపాయల పైమాట. దారం, కొక్కెం, వార్నిష్‌కు 20 రూపాయలు వేసుకున్నా 130 దాటింది. అదే దండను 50కి అమ్మితే ఆమె దండ అమ్మినట్టు కాదు, రెండు గంటలకు పైగా కూలి వదులుకుని ఎదురు కట్నం ఇచ్చినట్టు. ఇలా ప్రతి వస్తువుకూ పట్టిన సమయం, అయిన ఖర్చు, కనీసం ఇంతకు తగ్గకూడదన్న ధర పట్టికగా వేసింది. చేతివేగం పెరిగేకొద్దీ ధర ఎలా తగ్గించుకోవచ్చో కూడా చూపించింది. ఈ పట్టికను జిరాక్సు తీసి స్టాలు బల్ల మీద అంటించుకోమని సంఘాల ఆడవాళ్లకు నేనే చెబుతాను. తనకోసం, తన పిల్లకోసం చేసుకునేటప్పుడు ఏ లెక్కా అక్కర్లేదు. అమ్మేటప్పుడు మాత్రం ఉండి తీరాలి.

మెచ్చుకోలు ఒక్కటే రాస్తే పెద్దరికం కాదు. కొబ్బరిచిప్పకు రెండే పుటలు ఇవ్వడం నాకు నచ్చలేదు. కోనసీమలో పొయ్యిలోకి పోతున్న చిప్పలెన్ని! చిప్పను హాక్సా రంపంతో కోసి, గరుకుకాగితంతో ముందు ముతకగానూ తర్వాత సన్నగానూ రుద్ది, ఆఖరున కొబ్బరినూనె పట్టిస్తే వచ్చే నలుపు నిగనిగకు ఏ పాలిషూ సాటిరాదు. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆ హెచ్చరిక పుస్తకంలో చిన్న అక్షరాల్లో పడిపోయింది. రెండో ముద్రణలో ఈ భాగాన్ని పెంచి, ఆ మాటను పెద్ద అక్షరాల్లో వేయించమ్మా. అలాగే కొలతలు దాదాపు అన్నీ సెంటీమీటర్లలో ఉన్నాయి. మన కుట్టుపని ఆడవాళ్ల టేపు అంగుళాల్లో నడుస్తుంది, పక్కనే అవీ ఇస్తే మేలు.

కొత్తగా చేతిపని పట్టేవాళ్లు నేరుగా పూసల దగ్గరికి పోకండి. పాత చొక్కాగుండీల దుద్దులతో మొదలుపెట్టండి. గుండీ, కొక్కెం, చుక్క జిగురు ఉంటే ఒక సాయంత్రానికి జత తయారవుతుంది. తర్వాత అంచుపట్టీ గాజులు, ఆ తర్వాత కాగితం. అమ్మకం ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఈ వరసను తిప్పి, చివరి అధ్యాయంలోని ధరల పట్టిక ముందు చదువుకుని అప్పుడు కత్తెర పట్టండి.