అప్పజెప్పడం వేరు, నచ్చజెప్పడం వేరు

సండే స్కూల్ వార్షికోత్సవంలో మైకు ముందుకొచ్చే పిల్లల మొదటి వాక్యం ఎక్కడైనా ఒకటే. "సభాధ్యక్షులకు, అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, నాతోటి బాలబాలికలకు హృదయపూర్వక వందనాలు." తర్వాత ఉపన్యాసం నల్లేరు మీద బండిలా సాగుతుంది. ఉన్నట్టుండి ఎక్కడో ఒక మాట జారుతుంది. పిల్లవాడు పైకప్పు వైపు చూస్తాడు. మూడో వరసలో వాళ్లమ్మ పెదాలు కదిపి ఆ మాట అందిస్తుంది. బండి మళ్లీ కదులుతుంది, చప్పట్లు మోగుతాయి. ఉపన్యాసం ఎవరిదో మాత్రం ఆ పెదాల దగ్గరే తేలిపోయింది.

కంఠతా పట్టడాన్ని తీసిపారేయనక్కర్లేదు. వాక్యాలు, కీర్తనలు నోటికొచ్చిన పిల్లకు గొంతు తెరుచుకుంటుంది, సభ అంటే బెరుకు పోతుంది. అయితే అప్పజెప్పడం వేరు, నచ్చజెప్పడం వేరు. మొదటిది నేర్పేవాళ్లు మన సంఘాల్లో కావలసినంతమంది ఉన్నారు. రెండోది నేర్పాలంటే పిల్లలకంటే ముందు పెద్దవాళ్లకు తర్ఫీదు కావాలి.

రాయచూరు జిల్లాలో ఈ అవసరం ఇంకాస్త ఎక్కువ. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా ఇది. పట్నంలో పాత తెలుగు కుటుంబాలున్నాయి. తుంగభద్ర ఎడమ కాలువ పారాక సింధనూరు, మాన్వి వైపు కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్నవాళ్లున్నారు. క్రైస్తవమూ ఇక్కడ నిన్నమొన్నటిది కాదు. ముద్గల్ కతోలిక సంఘం ఆదిల్‌షాహీల కాలం నాటిది, మెథడిస్టు మిషన్ చాలా తర్వాత వచ్చింది. ఈ కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. మాట్లాడే అవకాశాలకు కొదవ లేదు. కర్ణాటక విద్యాశాఖ నడిపే ప్రతిభా కారంజిలో కంఠపాఠం, ఆశుభాషణ, చర్చా స్పర్ధ అన్నీ ఉన్నాయి. చర్చిలో క్రిస్మస్ పోటీలు, వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) ఉండనే ఉన్నాయి. తీర్పు చెప్పేవాళ్లను, తయారుచేసేవాళ్లను ఎవరు తయారుచేస్తున్నారన్న ప్రశ్నకే జవాబు లేదు.

ఆ ప్రశ్నను నెత్తిన వేసుకున్న సంప్రదాయం ఒకటి అమెరికాలో ఉంది. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాల కోసం 1995లో హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ అనే సంస్థ ఒక డిబేట్ లీగ్ మొదలుపెట్టింది. 2000లో అది ఎన్‌సీఎఫ్‌సీఏ పేరుతో విడిగా నిలబడింది. 2009లో స్టోవా అనే మరో లీగ్ పుట్టింది. పోటీల రకాలు చాలా ఉన్నా అసలు బరువు రెండు డిబేట్లది. ఇద్దరిద్దరు జట్టుగా ఒక విధానం మీద వాదించుకునేది ఒకటి. ఇందులో నలుగురూ 8 నిమిషాల చొప్పున వాదం వినిపించాలి, 3 నిమిషాల చొప్పున ప్రశ్నలు వేయాలి, 5 నిమిషాల చొప్పున ఖండించాలి. మొత్తం 64 నిమిషాలు. ఒకరికొకరు ఎదురుగా నిలబడి విలువల మీద వాదించే లింకన్-డగ్లస్ పద్ధతి అందులో సగం, 32 నిమిషాలు. 1858లో ఇలినాయ్‌లో ఆ ఇద్దరూ ఏడు ఊళ్లలో ఎదురుపడ్డ సభల మీదుగా వచ్చిన పేరది.

ఇంతమంది పిల్లలు మాట్లాడితే గదికో జడ్జి కావాలి. ఆ కుర్చీలో తల్లిదండ్రుల్ని, ఊళ్లో తెలిసినవాళ్లని, పాత విద్యార్థుల్ని కూర్చోబెట్టారు. నన్నడిగితే ఆ సంప్రదాయం కనిపెట్టిన గొప్ప సంగతి ఇదే. అమెరికాలోని మామూలు పాలసీ డిబేట్ వలయాల్లో ఆరితేరిన జడ్జీలుంటారు. అక్కడ పిల్లలు నిమిషానికి 300 మాటలకు పైగా గుక్కతిప్పుకోకుండా చదివేస్తారు, జడ్జి పట్టుకోగలడన్న ధీమా. ఎదురుగా కూర్చున్నది పక్కింటి పిన్నిగారైతే ఆ ఆట సాగదు. ఆవిడకు అర్థం కావాలి, అర్థమయ్యాక నమ్మకం కలగాలి. జడ్జికి డిబేట్ రాకపోవడమే పిల్లవాడికి పాఠం.

"నాకు చదువు రాదు, నేనేం జడ్జిని" అని వెనక్కి తగ్గే తల్లులు మన సంఘాల్లో చాలామంది. ఆ కుర్చీకి సరిగ్గా సరిపోయేది వాళ్లే. అలాంటి తల్లి నోటితో చెబుతుంది, పక్కన ఇంకొకరు రాస్తారు. తర్ఫీదు ఒక పూట చాలు. నేర్పాల్సింది వక్తృత్వ శాస్త్రం కాదు, బ్యాలెట్ అనే ఒక్క కాగితాన్ని నింపే తీరు.

ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూడండి. పైన ఇద్దరి పేర్లు, మధ్యలో ఒక్కొక్కరికి నాలుగు వరసల జాగా, అడుగున ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో రాసే గడి. ఆ చివరి గడే ప్రాణం. "బాగా మాట్లాడింది, దేవుడు దీవించుగాక" అని రాస్తే పిల్లకు దక్కేది ఆశీర్వాదమే తప్ప పాఠం కాదు. "నీ రెండో కారణానికి అవతలి అబ్బాయి జవాబు చెప్పలేదు, అందుకే నీవైపు మొగ్గాను" అని రాస్తే ఆ పిల్ల ఇంటికెళ్లి ఆ రెండో కారణాన్ని ఇంకా పదును పెడుతుంది. ఓడినవాడి కాగితం మీద ఇంకా శ్రద్ధగా రాయాలి. లోపం ఒకటి చెప్పి, దాన్ని దిద్దుకునే దారీ చెప్పి ఆపాలి. పది లోపాలు రాస్తే పిల్లవాడికి ఒక్కటీ గుర్తుండదు. యాస గురించి, రంగు గురించి, వేసుకున్న బట్టల గురించి ఒక్క మాట రాయకూడదు.

కట్టుబాట్లు ఇంకా ఉన్నాయి. తన బిడ్డ ఉన్న గదిలో ఎవరూ జడ్జిగా కూర్చోకూడదు. తీర్పు అప్పటికప్పుడు నోటితో ప్రకటించకూడదు, కాగితమే మాట్లాడాలి. అన్నిటికంటే కష్టమైనది మరొకటి. జడ్జి తన సొంత అభిప్రాయాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రావాలి. తను నమ్మినదానికి విరుద్ధంగా ఓటేసి ఇంటికెళ్లిన తండ్రి రాత్రి కొడుకు మాట కాస్త ఓపిగ్గా వింటాడు. సంఘ పెద్ద కూతురికి, అయ్యగారి అబ్బాయికి బహుమతి ముందే ఖాయమైపోయే చోట ఈ కట్టుబాట్లు ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక కోచ్ సంగతి. సింధనూరు వైపు ఒక క్యాంపులో సండే స్కూల్ పిల్లలకు డిబేట్ పెట్టారనుకుందాం. అంశం: 'ఎడమ కాలువ తలభాగంలో వరి సాగును కట్టడి చేయాలి.' ఇంతకంటే మండే అంశం ఆ ఊళ్లో దొరకదు. ఆ కాలువను తవ్వింది ఉన్న నీటిని వీలైనన్ని ఎక్కువ పొలాలకు పలచగా పంచడానికి. ఆయకట్టులో ఎక్కువ భాగాన్ని ఆరుతడి పంటలకు కేటాయించి, వరికి కొంతే వదిలారు. కాలువ మొదట్లో వరి విస్తరించింది. చివరి భూములకు నీళ్లు చాలక ఏళ్ల తరబడి తగాదాలు నడిచాయి. పీటర్ మొలింగా అనే డచ్ పరిశోధకుడు ఈ జిల్లా కాలువల రాజకీయం మీద ఒక పుస్తకమే రాశాడు. ఇప్పుడు చీటీ తీస్తే వరి రైతు కొడుక్కి 'ఫర్' వచ్చింది. "మన కూడు మీదే మాట్లాడతావేంరా?" అని తండ్రి కళ్లెర్రజేస్తాడు. ఆ తండ్రిని కూర్చోబెట్టి, వచ్చే రౌండులో వీడే 'ఎగైనెస్ట్' వైపు నిలబడతాడని చెప్పి ఒప్పించడం కోచ్ మొదటి పని. రెండు వైపులా వాదించకుండా డిబేట్ లేదు.

రెండో పని కలం ముట్టకపోవడం. నాలుగు పేజీలు రాసిచ్చేస్తే పిల్లవాడికీ కోచ్‌కీ హాయే, అందుకే అందరూ ఆ దారే పడతారు. టీచరమ్మ అడగాలి, అడుగుతూనే ఉండాలి.

"వరి ఎందుకు తగ్గించాలిరా?"

"నీళ్లు సరిపోవు టీచర్."

"ఎవరికి సరిపోవు?"

"చివరి ఊళ్లకు."

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

ఇక్కడ ఆగిపోతాడు. ఆగాలి కూడా. ఆ వారం వాడు కాలువ చివరి ఊరి నుంచి బడికొచ్చే స్నేహితుణ్ని అడుగుతాడు, నీటిపారుదల ఆఫీసు బోర్డు చూస్తాడు, పేపరు తిరగేస్తాడు. తుంగభద్ర డ్యాం నిల్వ సుమారు 133 టీఎంసీలని ఒక చోట, 105 చిల్లర అని ఇంకో చోట కనిపిస్తుంది. రెండూ నిజమే. మొదటిది కట్టినప్పటి లెక్క, రెండోది పూడిక నిండాక మిగిలినది. ఏ లెక్కకైనా ఏ సంవత్సరానిదని అడగాలన్న బుద్ధి ఆ ఒక్క తికమకతో వస్తుంది. కోచ్ రాసిచ్చిన కాగితంలో సరైన అంకె ఉండేది, ఈ బుద్ధి ఉండేది కాదు.

ఖండించడానికి నాలుగు మెట్ల పద్ధతి ఉంది. వాళ్లన్నది, మేమంటున్నది, ఎందుకంటే, కాబట్టి. "వరి వల్ల కూలీలకు పని దొరుకుతోందని మా మిత్రులన్నారు. ఆ పని కాలువ మొదట్లోనే దొరుకుతోందని మేమంటున్నాం. ఎందుకంటే నీళ్లు రాని చివరి ఊళ్ల కూలీలు బెంగళూరుకు గుళే (వలస) పోతున్నారు. కాబట్టి వచ్చిన పనిలోంచి పోయిన పనిని తీసివేసి లెక్క చెప్పాలి." ఆరో తరగతి పిల్ల కూడా రెండు ఆదివారాల్లో దీన్ని పట్టుకుంటుంది. పెద్దలకే ఆలస్యం. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీదకు దూకడం మనకలవాటు.

ఎవరేమన్నారో మర్చిపోకుండా రాసుకునే కాగితాన్ని ఫ్లో అంటారు. పొడుగాటి చిట్టా పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, ఒక్కో ఉపన్యాసానికి ఒక్కో నిలువు గడి గీస్తే చాలు. ఒక వైపు వాళ్ల మాటలు నీలం పెన్నుతో, అవతలివాళ్లవి ఎర్ర పెన్నుతో. ఒక మాటకు పక్క గడిలో జవాబు లేకపోతే అది బాకీ. కిరాణా కొట్టు నడిపే తండ్రికి ఈ విద్య కొత్తగా నేర్పేదేముంది?

ప్రశ్నల ఘట్టంలో పిల్లలు తప్పటడుగులు వేసేది ఎక్కువ. సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఒక మాట ఉంది. మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా తోస్తుంది, అవతలివాడొచ్చి ప్రశ్నించేదాకా అని దాని భావం. ఆ ప్రశ్న పొట్టిగా ఉండాలి.

"చివరి భూములకు నీళ్లు అందాలంటారా?"

"అందాలి."

"ఇప్పుడు ఏటా అందుతున్నాయా?"

"అన్ని ఏళ్లూ అందవు."

"థాంక్యూ."

అంతే, ఆగిపోవాలి. ఆ జవాబును వాడుకోవడం తర్వాతి ఉపన్యాసంలో. "చూశారా, ఒప్పుకున్నారు!" అని అక్కడే విరగబడితే జడ్జి మనసు అవతలివాడి వైపు జాలిగా ఒరుగుతుంది. ఈ నిగ్రహం పిల్లలకు నేర్పొచ్చు. వెనక బెంచీల్లో కూర్చుని ఈలలేసే మేనమామలకు నేర్పడమే కష్టం.

ఇదంతా పరాయి సరుకని ఎవరైనా అంటే తుంగభద్ర ఒడ్డునే చూపిస్తాను. 1997లో కొప్పళ జిల్లా విడిపోయేదాకా రాయచూరు జిల్లాలోనే ఉన్న ఆనెగొంది దగ్గర, నవబృందావనంలో ద్వైత గురువు వ్యాసతీర్థుల బృందావనం (సమాధి) ఉంది. ఆయన 'న్యాయామృతం'లో అద్వైతాన్ని ఖండిస్తే, మధుసూదన సరస్వతి 'అద్వైతసిద్ధి'లో దాదాపు మాట మాటకూ జవాబిచ్చాడు. దానికి మళ్లీ ద్వైతుల వైపు నుంచి 'తరంగిణి' వచ్చింది. వాళ్ల సిద్ధాంతాలతో మనకు ఏకీభావం అక్కర్లేదు. ఎదుటివాడి పక్షాన్ని వాడు చెప్పుకునేంత బలంగా ముందు నిలబెట్టి ఆ తర్వాతే ఖండించడం అక్కడి నియమం. సత్యం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండం అని నైయాయికులు వేరుచేసి పెట్టారు. బ్యాలెట్ నింపే తల్లి మనసులో ఈ మూడూ ఉంటే చాలు.

అమెరికా లీగుల్లో విశ్వాస సమర్థనకు విడిగా ఒక పోటీ ఉంది. చీటీలో ప్రశ్న వస్తుంది, 4 నిమిషాలు ఆలోచించి 6 నిమిషాలు మాట్లాడాలి. దీన్ని రాయచూరుకు తెచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్త కావాలి. తరగతిలో మన పిల్ల పక్కన కూర్చునేది మంత్రాలయం రాయర భక్తుల బిడ్డో, దర్గాకు వెళ్లే ఇంటి బిడ్డో అవుతుంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం నమ్మకానికి కారణం చెప్పడానికి సిద్ధంగా ఉండమంటూనే, సాత్వికంగా చెప్పమంటుంది. జడ్జి ఆ రెండో సగానికీ మార్కులు వేయాలి. మంచి కోచ్ 'వాళ్ల దేవుడు' అన్న మాటతో మొదలయ్యే చీటీని పెట్టెలో వేయడు. 'దేవుడు మంచివాడైతే పంట ఎందుకు ఎండింది?' అన్న చీటీ వేస్తాడు.

భాష విషయంలో నాకు మొహమాటం లేదు. ఇంగ్లీషులో మాట్లాడినందుకు ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయకూడదు. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో కన్నడంలోకి దొర్లితే దొర్లనివ్వాలి, వినేవాళ్లకు రెండూ వచ్చు. ప్రతిభా కారంజికి వెళ్లే ముందు కన్నడంలో, చర్చిలో తెలుగులో, అదే వాదం రెండుసార్లు చెప్పిన పిల్లకు తన వాదంలో ఏది ఎముకో ఏది కండో తెలిసిపోతుంది.

మొదలుపెట్టడానికి వేసవి అనువు. కాలువ కట్టేశాక పెద్దవాళ్లకు పొలం పని తక్కువ. వీబీఎస్‌కు పొద్దున పిల్లలు ఎలాగూ వస్తారు. ఎండ తగ్గాక అదే హాల్లో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, ఇద్దరు కాలేజీ పిల్లలతో ఒక నమూనా డిబేట్ ఆడించి, అందరి చేతా బ్యాలెట్లు నింపించాలి. ఒకే డిబేట్‌కు పదిమంది పది రకాల కారణాలు రాస్తారు. వాటిని పైకి చదివి, ఏ కారణం పిల్లకు పనికొస్తుందో, ఏది రాదో వాళ్లనే తేల్చమనాలి. ఖర్చు ఒక చిట్టా పుస్తకం, రెండు రంగుల పెన్నులు, సమయం చూసే ఒక ఫోను. బళ్లు తెరిచాక పిల్లల వంతు.